బోల్టు మీద రెండు చుక్కలు

రేపల్లె,
9 జూన్ 2025

మామయ్యకు దేవిక నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మీ అల్లుడుగారూ బాగానే ఉన్నాం. బాగాలేనిది మా ఓమ్ని వ్యాను ఒక్కటే. ఫోనులో చెబుదామంటే అత్తయ్య తియ్యాలి, నా మాట మీ చెవి దగ్గర అరవాలి, మీరు "ఆఁ? ఎవరు పోయారు?" అనాలి. ఆ సంబరం వద్దు. ముప్ఫై నాలుగేళ్ళు డిపోలో బస్సు ఇంజన్ల మధ్య పనిచేసి చెవులు అక్కడే వదిలేసి వచ్చారు కాబట్టి, చిన్నప్పటిలాగే ఉత్తరం రాస్తున్నాను.

వ్యాను పని అయిపోయింది. వెనక నీలం పొగ. పెనుమూడి వెళ్ళి వచ్చేసరికి ఆయిల్ సగం తాగేస్తోంది. మొన్న కొల్లూరు లంకల్లో చీరల మూటలతో గట్టు ఎక్కలేక వెనక్కి జారింది. అరటి గెలలు మోసే ఆడవాళ్ళు నలుగురు తోస్తే ఎక్కింది. చీరలు కొనాల్సినవాళ్ళ చేత బండి తోయించుకుని, ఆ తర్వాత వాళ్ళతో బేరం ఎలా ఆడను? జూలై ఆఖరుకి శ్రావణం వస్తోంది. మాకు ఏడాదంతా అమ్మింది ఒక ఎత్తు, శ్రావణ శుక్రవారాలకు అమ్మేది ఒక ఎత్తు. అప్పటికి బండి తిరగకపోతే నా ఊళ్ళన్నీ ఇంకొకళ్ళ చేతిలోకి పోతాయి.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. తెనాలిలో పాత సామాన్ల కొట్టులో ఒక ఓమ్ని ఇంజను చూశాను. లారీ వెనక నుంచి గుద్దిన బండిది, ముందు భాగానికి దెబ్బ తగల్లేదు. దాన్ని తెచ్చి మా పెరట్లో రేకుల కింద నేనే మారుస్తాను.

"తెనాలిలో వినోద్ షెడ్డు ఉండగా నీకెందుకే" అంటారు. రెండేళ్ళ కిందట అమ్మ కంటి ఆపరేషనుకని నేను చీరాలలో ఉంటే, మీ అల్లుడు క్లచ్చి ప్లేట్లు వేయించడానికి బండి అక్కడే ఇచ్చారు. మీ సుపుత్రుడు పదకొండు రోజులు ఉంచుకున్నాడు. ఆ రోజు నుంచే దీనికి శని పట్టింది. ఇంకొకటి కూడా ఉంది. బాపట్లలో మీ ఇంటి వెనక మీరు ఆదివారాలు బండ్లు బాగుచేస్తుంటే, సెలవులన్నీ మీకు పానాలు అందిస్తూ గడిపిన దాన్ని నేను. బోల్టు తల చూసి పానా నంబరు చెప్పేదాన్ని. వినోద్ బావ ఎప్పుడూ ఒక నంబరు తప్పేవాడు. అయినా మీ పనిముట్ల పెట్టె ఎవరికిచ్చారు? "ఆడపిల్లకి పానా ఏంటే" అన్నారు. మరిచిపోయాననుకోకండి. నేను ఏదీ మరిచిపోను.

ఎలా దించాలో వివరంగా రాయండి.

మీ మేనకోడలు
దేవిక


బాపట్ల,
14 జూన్ 2025

చిరంజీవి సౌభాగ్యవతి దేవికకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమాన్ ఏదో అని నవ్వాడు. ఏంటని అడిగితే అత్తయ్య పలక మీద రాసి చూపించింది: "ఈ రోజుల్లో కూడా ఉత్తరాలా అంటున్నాడు." చెవి మిషను పెట్టుకోమని అందరూ చెవిటివాడి ముందు శంఖం ఊదుతూనే ఉన్నారు. పెట్టుకుని చూశాను. గిన్నెల చప్పుడు, కాకుల గోల, మీ అత్తయ్య సణుగుడు అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. తీసి డబ్బాలో పెట్టాను. పలకే హాయి.

పెట్టె సంగతి ఎత్తిపొడిచావు. ఆ కాలం అలాంటిది. ఇంతకంటే ఏం రాయను?

ఇక పని. ముందు బ్యాటరీ వైరు విప్పు, తర్వాత నీళ్ళు, ఆయిల్ వదులు. ఓమ్నికి ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి పైకి రాదు, కిందికే దించాలి. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టు. ముందు భాగం జాకీతో లేపి తాటి దుంగల మీద నిలబెట్టు. ఒట్టి జాకీని నమ్మి బండి కింద దూరావో, నీ పెద్దకర్మకి భోజనానికి రావాల్సి వస్తుంది. కింద పాత టైరు వేసి ఇంజను దాని మీదికి దించి, టైరుతో సహా బయటికి లాగు. విప్పిన ప్రతిదానికీ గుర్తు పెట్టుకో.

కొనబోయే ఇంజనుకు ఆయిల్ మూత తీసి చూడు. లోపల మజ్జిగ నురగలాగా తెల్లగా ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయని అర్థం, అది వద్దు. అన్నిటికంటే ముఖ్యం నంబరు. కొత్తదాని నంబరూ, పాతదాని నంబరూ రాసుకుని, పాతదాన్ని ఆర్సీతో సరిచూడు. ఇంజను మారిస్తే రవాణా ఆఫీసులో కొత్త నంబరు ఎక్కించాలి. నంబరు చూడకుండా ఇంజను ముట్టుకున్నవాడు మెకానిక్కే కాదు.

వినోద్ మీద నీకెందుకంత కోపం? పోయిన నెల నన్ను కంటి పరీక్షకి తన వ్యానులోనే తెనాలి తీసుకెళ్ళాడు. అదీ ఓమ్నీయే. నాకు వినపడదు కాబట్టి డ్యాష్ మీద అరచెయ్యి పెట్టి ఇంజను వింటాను. అచ్చం కుట్టుమిషనులా నడుస్తోంది. వాడికి పని రాదని నువ్వంటే నేనొప్పుకోను.

అల్లుడు కోటిబాబుగారిని అడిగానని చెప్పు.

పూర్ణచంద్రరావు


రేపల్లె,
22 జూన్ 2025

మామయ్యా,

నమస్కారం పెట్టడానికి కూడా చేతులు రావడం లేదు, అంత కోపంగా ఉంది. అయినా వరసగా చెబుతాను.

ఇంజను దిగింది. మీరు చెప్పినట్టే దుంగల మీద నిలబెట్టాను. విప్పిన ప్రతి వైరుకీ, గొట్టానికీ రెండు కొసలా ఒకే రంగు నూలు పోగు కట్టాను. రంగులు అయిపోతే రెండు పేటలు. మగ్గం మీద పాత పడుగు చివర కొత్త పడుగు అతికేటప్పుడు అమ్మ వేల పోగుల్లో ఒక్కటి తప్పేది కాదు. ఇక్కడ ఉన్నవి నలభై కూడా లేవు, ఇదొక లెక్కా! పక్కింటి వెంకట్రామయ్యగారు గోడ మీంచి చూసి, "ఏంటమ్మా, బండికి తోరాలు కడుతున్నావా?" అన్నారు.

టైరు బయటికి లాగాం. కిరసనాయిలు గుడ్డతో మడ్డి తుడిచి నంబరు చదివాను. చివర 9062. ఆర్సీ తెప్పించి చూశాను. చివర 4417. మళ్ళీ తుడిచాను. అద్దాలు పెట్టుకుని చదివాను. మీ అల్లుణ్ణి చదవమన్నాను. 9062.

అది నా ఇంజను కాదు మామయ్యా. షోరూములో కొబ్బరికాయ కొట్టి తెచ్చుకున్న నా ఇంజను ఎవడో తీసేసుకుని, ఈ పొగ ముసలిదాన్ని నా బండిలో కూర్చోబెట్టాడు. నేనేమో ఆయిల్ మార్చీ మార్చీ దానికి సేవ చేశాను. ఎండలో గట్టు మీద నలుగురి ముందు తలవంచుకున్నాను.

మీ అల్లుడు నంబరు చూసి అక్కడే పీట మీద కూలబడ్డారు. "పోనీలే దేవీ, ఎలాగూ మారుస్తున్నాంగా. గొడవెందుకు?" అన్నారు. ఆయనెప్పుడూ అంతే. దోమ కుడితే దోమకి నొప్పెడుతుందేమోనని చూసే మనిషి. నేను అలాంటిదాన్ని కాను. ఎవడు చేశాడో కనిపెడతాను. కనిపెట్టాక వాడు పానా పట్టుకోవడానికి భయపడాలి. అప్పటిదాకా నాకు అన్నం సహించదు.

మీరేమంటారు?

దేవిక


బాపట్ల,
27 జూన్ 2025

చి. సౌ. దేవికకు,

నీ ఉత్తరం చదివి కాఫీ అక్కడే వదిలేసి లేచాను. మీ అత్తయ్య పలక పట్టుకుని వెంటపడింది, చూడలేదు.

నేను వేల ఇంజన్లు విప్పాను. పరాయివాడి బండిలోంచి ఒక్క వాషరు తీసుకోలేదు. నమ్మి తాళం చేతిలో పెట్టిన మనిషి బండిలో ఇంజను మార్చినవాణ్ణి దొంగ అంటే దొంగలకి అవమానం. వాడెవడైనా సరే, ఏ చేత్తో ఆ బోల్టులు విప్పాడో ఆ చెయ్యి విరగ్గొడతాను. ఇది కోపంలో నోరు జారడం కాదు. రాసి కింద సంతకం పెడుతున్నాను. ఈ కాగితం దాచుకో.

నాకొకడి మీద అనుమానం ఉంది. మీ బస్టాండు దగ్గర ఆయిల్ మార్చే సైదావలి. పోయినేడు బండి రెండు రోజులు అతని దగ్గర ఉంచానని నువ్వే రాశావు. ఇంకెవరికి వీలవుతుంది? రేపు ఉదయం బస్సుకి వస్తున్నాను. నువ్వు అడ్డం రాకు.

పూర్ణచంద్రరావు


రేపల్లె,
3 జూలై 2025

మామయ్యకు నమస్కారాలు.

వచ్చారట. సైదావలి షెడ్డు ముందు అరగంట నిలబడి, ఆటోవాళ్ళందరూ వింటుండగా దొంగ, దొంగ అని అరిచి, అతను చెప్పేది ఒక్క ముక్క వినకుండా మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయారట. మా గడపైనా తొక్కలేదు. రెండు రోజుల తర్వాత అతని భార్య జైనబ్ బీ మా ఇంటికి వచ్చింది. "ఇరవై ఏళ్ళ నుంచి ఈ ఊళ్ళో పని చేసుకుని బతుకుతున్నాం అక్కా. ఎవళ్ళ స్క్రూ ఒక్కటి తియ్యలేదు. మా ఆయన రెండు రోజుల నుంచి షెడ్డు తియ్యట్లేదు" అని ఏడ్చింది.

సైదావలి కాదు మామయ్యా. అతని షెడ్డులో ఇంజను దించడానికి గొలుసే లేదు. ఎప్పుడూ ఇంజను జోలికి పోడు.

నాకొక సందేహం, మీరే తీర్చాలి. ఇంజనును బండికి పట్టి ఉంచే బోల్టులు కడిగితే, ఒక్కో తల మీద రెండేసి ఎర్ర చుక్కలు కనిపించాయి. పక్కపక్కనే, ఆడవాళ్ళ గోళ్ళరంగుతో పెట్టినవి. ఇలాంటి గుర్తు ఎవరు పెడతారు? బాపట్ల, తెనాలి, రేపల్లెల్లో మీరెరగని మెకానిక్కు చెయ్యి లేదు కదా.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు పట్టగలరేమో చూద్దాం.

కొత్త ఇంజను వచ్చింది. మూత తీసి చూశాను, నురగ లేదు. రేపటి నుంచి బిగిస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
దేవిక


బాపట్ల,
10 జూలై 2025

చి. సౌ. దేవికకు ఆశీస్సులు.

వానలు బాగా పడుతున్నాయి. అత్తయ్యకు మోకాళ్ళు పట్టేశాయి. నాకు కుడికన్ను మసక ఎక్కువైంది, అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

ఆ చుక్కలు కంపెనీలోనే పెడతారు. పట్టించుకోనక్కర్లేదు.

ఇంజను ఎక్కించేటప్పుడు గేరుబాక్సు తిన్నగా కూర్చోకపోతే బలవంతం చెయ్యకు. కొంచెం వెనక్కి లాగి మళ్ళీ జొనుపు. మొదటి రోజు దూరం తిప్పకు.

నంబరు సంగతి ఆలోచించాను. కంపెనీవాళ్ళే ఆర్సీలో తప్పు రాసి ఉండొచ్చు. అలాంటివి జరుగుతుంటాయి. పగ పెట్టుకుంటే ముందు మన ఒళ్ళే కాలుతుంది. శ్రావణం దగ్గరపడింది, నీ వ్యాపారం చూసుకో. అల్లుడుగారు చెప్పింది బాగుంది.

మామయ్య


రేపల్లె,
14 జూలై 2025

మామయ్యకు,

కంపెనీవాళ్ళు అత్తయ్య గోళ్ళరంగు సీసా అరువు తీసుకెళ్ళారా?

నాకు పదమూడేళ్ళప్పుడు మీరు బోల్టు బిగించి, ఆ సీసాలోంచి ఒక చుక్క పెట్టి, చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ పానా వేసి చూసి రెండో చుక్క పెట్టేవారు. "ఒకటి బిగించానని, ఒకటి మళ్ళీ చూశానని" అనేవారు. ఒకసారి వినోద్ బావ చూడకుండానే రెండో చుక్క పెట్టాడు. పానాతో వాడి వేళ్ళ మీద కొట్టారు. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ మళ్ళీ కొట్టారు. వాడు ఏడుస్తూ నేర్చుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఆ చెయ్యి ఇప్పుడు దొంగతనం చేస్తున్నా రెండు చుక్కలు పెట్టకుండా ఉండలేదు. లోకంలో అలా పెట్టేవాళ్ళం ముగ్గురమే. మీరు, వాడు, నేను. నేను నా ఇంజను దొంగిలించుకోలేదు. మీరు ఆ పని చెయ్యరు.

చుక్కలు చూసిన రోజే నాకు తెలిసింది. మీ నోటితోనే అనిపించాలని అడిగాను. మీరు అబద్ధం రాశారు. పుట్టి బుద్ధెరిగాక మీ దగ్గర నేను చూసిన మొదటి అబద్ధం ఇది, అదీ నాకే రాశారు.

ఇప్పుడు ఆలోచించండి. మీ అరచేతికి కుట్టుమిషనులా తగిలిన ఆ ఇంజను ఎవరిది? నా ఇంజను మీద కూర్చుని కంటి పరీక్షకి వెళ్ళొచ్చి, దాన్నే నాకు మెచ్చుకుంటూ రాశారు!

సైదావలి అనుకున్నప్పుడు తెల్లారేసరికి బస్సెక్కారు. కొడుకని తెలిసేసరికి వానలు, మోకాళ్ళు, కంటి మసక. కాకి పిల్ల కాకికి ముద్దు. పరాయివాడి చెయ్యి విరగ్గొట్టడానికి సంతకం పెట్టినవారు, సొంతవాడి దగ్గరకు వచ్చేసరికి కంపెనీ చాటున దాక్కున్నారు. ఆ సంతకం నా దగ్గరే ఉంది. జిరాక్సులు తీసి తెనాలిలో ప్రతి షెడ్డు గోడకీ అంటిస్తాను. పూర్ణచంద్రరావు మాస్టారు మాట ఎంత విలువైనదో మీ దగ్గర పని నేర్చుకున్న శిష్యులందరూ చదువుకుంటారు.

నాకు పోలీసులు వద్దు, పరిహారం వద్దు. మీ కొడుకు తప్పును మీ చేత్తో మీరే బయటపెట్టాలి. పెట్టె ఎవరికిచ్చారో చూసుకుని మీరు ఏడవాలి. అది చాలు నాకు.

కొత్త ఇంజను బిగించాను. మొదటి రెండుసార్లు పలకలేదు, మూడోసారి అందుకుంది. పొగ లేదు. ఏ నూలు పోగూ తప్పలేదు. ప్రతి బోల్టుకీ రెండు చుక్కలు పెట్టాను, రెండుసార్లు చూశాకే.

దేవిక


బాపట్ల,
19 జూలై 2025

దేవికకు,

నువ్వు కోరింది జరిగింది.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అత్తయ్యకు చూపించాను. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఊరుకోండి" అని పలక మీద రాసింది. చెరిపి మళ్ళీ రాసింది. నేను చొక్కా వేసుకుని బయల్దేరాను. నువ్వన్న మాటల్లో ఒక్కటి నన్ను నిలవనివ్వలేదు. అబద్ధం రాశానన్నావు. నిజమే, రాశాను. డెబ్బై రెండేళ్ళు వచ్చాక కొడుకు కోసం అబద్ధం ఆడాను.

పదకొండు గంటలకు తెనాలి చేరాను. షెడ్డులో నాలుగు బండ్లున్నాయి. వాటి తాలూకు మనుషులూ ఉన్నారు. వాడి వ్యాను బయట ఉంది. కిందికి వంగి చూశాను. బోల్టుల మీద రెండేసి చుక్కలు. నా చెయ్యే చూస్తున్నట్టు అనిపించింది. పనివాళ్ళను పిలిచి ఇంజను దించమన్నాను. షెడ్డు ఇంకా నా పేరు మీదే ఉంది, కాదనలేకపోయారు.

వినోద్ లోపల నుంచి పరిగెత్తుకొచ్చాడు. దేవిక ఇంజను దొంగిలించావట కదరా అన్నాను. వాడు ఏదో అరవడం మొదలుపెట్టాడు. నోరు ఆడుతూనే ఉంది. నా భుజాలు పట్టుకుని మొహంలో మొహం పెట్టి అరిచాడు. నాకు వినపడలేదు. నిజం చెప్పాలంటే వినాలనిపించలేదు. సాకులు వింటే మనసు మారుతుందేమోనని భయపడ్డాను. చక్రాలు విప్పే పానా చేతికి దొరికింది. నా భుజం మీదున్న వాడి కుడిచెయ్యి విదిలించి కొట్టాను. ఎముక విరగడం నా చేతికి తెలిసింది.

అందరూ చూశారు. వాడు కింద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత నోరు మెదపలేదు. చుట్టూ ఉన్నవాళ్ళకు ఎందుకు కొట్టానో గట్టిగా చెప్పాను. ఒకాయన వచ్చి తన కారు తీసుకుని వెళ్ళిపోయాడు. రెండు ఎముకలు విరిగాయట, ఆపరేషను చేసి ప్లేటు వేశారట. మళ్ళీ పానా పట్టుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు.

మీ అత్తయ్య ఆసుపత్రి నుంచి వచ్చి నా ముందే పలక నేలకేసి కొట్టింది. అన్నం పెట్టి అవతలికి వెళ్ళిపోతోంది. ఈ ఇంట్లో ఇప్పుడు నాకు ఏ మాటా అందదు.

ట్రాలీ ఆటో మాట్లాడి ఇంజను నీకు పంపిస్తున్నాను. మాట నిలబెట్టుకున్నాను. నీ కడుపు చల్లబడిందనుకుంటాను.

పూర్ణచంద్రరావు


తెనాలి,
24 జూలై 2025

మామయ్యా,

ట్రాలీ మంగళవారం వచ్చింది. మీ ఉత్తరం ముందురోజే అందింది. చదివినప్పుడు నాకు సంతోషమే వేసింది. దాచను. ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

ఇంజను దించుకుని నంబరు తుడిచాను. చివర 7350. అది నాది కాదు.

మీరు నంబరు చూడలేదు. చూడమని నాకు రాసిన మీరే చూడలేదు. నేనూ చూడకుండానే, అది నాదేనని మీకు రాశాను.

నేను ఆ అంకెలు గట్టిగా చదువుతుంటే మీ అల్లుడు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. గంట తర్వాత వచ్చి చెప్పారు. రెండేళ్ళ కిందట నేను చీరాలలో ఉన్నప్పుడు ఆయన వ్యాను తీసుకుని పెనుమూడిలో పెళ్ళికి వెళ్ళారు. నీళ్ళ గొట్టం పగిలింది. వేడి ముల్లు ఎరుపులోకి పోయినా, ఇంకెంత దూరం, ఇంటికి పోదామని ఆపకుండా నడిపారు. దారిలో ఇంజను పట్టేసింది. తాడు కట్టి తెనాలి లాక్కెళితే, లోపల పగిలిపోయింది, దీనికిక వైద్యం లేదన్నాడు వినోద్ బావ. నా 4417 ఆ రోజే చచ్చిపోయింది. ఎవరూ దొంగిలించలేదు.

నీళ్ళు చూసుకోకుండా బండి తియ్యొద్దని నేను ఆయనకు రోజూ చెప్పేదాన్ని. తెలిస్తే బతికున్నన్నాళ్ళూ దెప్పుతానని ఆయన భయం. బావ కాళ్ళు పట్టుకుని, దేవికకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. బావ పదకొండు రోజులు తిరిగి, ఆ రోజుల్లో దొరికిన పాత ఇంజను తెచ్చి వేశాడు. నంబరు తర్వాత ఎక్కిద్దాంలే అనుకున్నారు, అది అలాగే ఉండిపోయింది. నేను చుక్కల సంగతి రాసిన రోజే ఆయన చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ ఆయన నా మొహం చూసి నోరు మూసుకున్నారు. ఆయన్ని నేను ఏమీ అనలేదు. ఏమని అంటాను? నా నోటికి జడిసి రెండేళ్ళు అబద్ధంతో కాపురం చేసిన మనిషి.

సైదావలి కాదని మీకు రాశాను గానీ, మీ కోపం చల్లారిపోతుందని ఊళ్ళో అతని మీద పడ్డ మచ్చ తుడవకుండా ఊరుకున్నాను. నిన్న వాళ్ళింటికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. చీర తీసుకెళితే జైనబ్ బీ ముట్టుకోలేదు. టీ మాత్రం ఇచ్చింది. బస్టాండు దగ్గర అందరి ముందూ మీరు కూడా చెప్పాలని సైదావలి అడిగాడు. చెప్పాలి.

ఇవాళ తెల్లవారగానే ఇక్కడికి, తెనాలి వచ్చాను. వినోద్ బావ మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో ఇడ్లీ తింటున్నాడు. వేళ్ళు ఇంకా వాచి ఉన్నాయి. ఆ రోజు ఏమని అరిచావని అడిగాను. "కోటిబాబుని అడుగు నాన్నా, ఒక్కసారి కోటిబాబుని అడుగు అన్నానే. ఒట్టు కూడా వదిలేసి చెప్పాను. మూడోసారి అనేలోపు కొట్టాడు" అన్నాడు. తర్వాత ఎవరికీ చెప్పలేదట. తండ్రే నమ్మనప్పుడు ఇంకెవరు నమ్మితే ఏంటి అనుకున్నాడట. అత్తయ్యకూ చెప్పలేదు. ఆమెకు తెలిసిందల్లా మీరు కొట్టారని.

చెయ్యి మునుపటిలా తిరుగుతుందో లేదో మూడు నెలలు పోతే గానీ చెప్పలేమన్నారు. షెడ్డు మూసి ఉంది. దొంగ షెడ్డని పేరు పడింది. ఆ పేరు పెట్టింది మీ నోరు, పెట్టించింది నా ఉత్తరం. శ్రావణం రేపే మొదలు. నా ఊళ్ళకు ఈసారి మీ అల్లుడు బస్సులో మూటలు మోసుకుని వెళతారు. నేను రేపటి నుంచి తెనాలిలో ఆ షెడ్డు తెరుస్తాను. బావ కుర్చీలో కూర్చుని చెబుతాడు, నేను చేస్తాను. ఒప్పుకున్నాడు. నన్ను క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. అత్తయ్య పలక పగిలిపోయింది, ఫోను మీకు వినపడదు, ఇంకొకళ్ళ చేత చెప్పించేది కాదు ఇది. అందుకే నేనే తెచ్చి మీ చేతిలో పెడుతున్నాను. మీరు ఈ వాక్యం చదువుతున్నప్పుడు నేను మీ ఎదురుగా నేల మీద కూర్చుని ఉంటాను. ఏమైనా అనాలనుకుంటే అనండి. కొట్టాలనిపిస్తే కొట్టండి.

బావ బయట నా వ్యానులో ఉంటాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు. నాన్న పిలిస్తే వస్తానన్నాడు. చదవడం అయితే గుమ్మంలోకి వెళ్ళి పిలవండి.

దేవిక